రాగి సరిదూగని పలక
(పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)



న్యాయస్థానములలో వాదించువారికి రాగిరేకులతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. దేశమునకు కావలసిన వస్తువులను దేశముననే చేసికొనవలెనని ఊరూర చెప్పుచు తిరుగు మావంటివారు, ఆ వస్తువు లెట్లు పుట్టునో, ఎచ్చట చెడునో తెలిసికొనకయే మాటలాడుట తగదని మా యభిప్రాయము. కావున నేడు సర్క్యూట్ బోర్డును గూర్చి, అందునను దాని పొరలపై రాగిని సరిదూచుటను గూర్చి మాత్రమే ముచ్చటింతుము.

మీ చేతి ఫోనునందును, ఇంటి కరెంటు మీటరునందును ఆకుపచ్చని పలక యొకటి కలదు. వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ అను ఇంజనీరు 1936లో ఇంగ్లండు చేరి, రేడియోలోని తీగల చిక్కునకు మారుగా, పలకకు అతికిన రాగిరేకులో కావలసిన గీతలను నిలిపి తక్కినదానిని ద్రావకముచే తినివేయించు మార్గమును సాధించెను. మూలసూత్రము నేటికిని అదియే. గాజుబట్టను ఎపాక్సీ జిగురుతో తడిపి గట్టిపరచిన పలక. దానిపై సామాన్యముగ 35 మైక్రానుల రాగి. ఇట్టి పొరలను నాలుగో ఆరో పేర్చి, సుమారు 180 డిగ్రీల వేడిమిలో అదిమి ఏకము చేయుదురు.

చిక్కంతయు ఇచ్చటనే పుట్టును. వేడిమి డిగ్రీ పెరిగినకొలది రాగి మీటరునకు 17 మైక్రానుల చొప్పున సాగును. గాజునూలు 5 మైక్రానులు మాత్రమే. జిగురు రాగికన్న మిక్కిలి హెచ్చుగ సాగి, గట్టిపడునప్పుడు కుంచించుకొనును. పై పొరలన్నియు రాగితో నిండి క్రింది పొరలు బోసిగా నున్నచో, చల్లారునప్పుడు రెండు ముఖములును ఒక్కరీతిగ ముడుచుకొనవు. అప్పడమును ఎండలో పెట్టిన ఇల్లాలికి ఈ శాస్త్రము మేము చెప్పనక్కరలేదు. ఒక వైపు ముందారినచో అంచు లేచును. అప్పడము వంగిన నష్టము లేదు. పలక వంగినచో పనికిరాదు. చిన్న చిన్న భాగములను పైననే అతికించు పలకలకు వంపు నూటికి 0.75 మించరాదని పరిశ్రమలో వాడుకనున్న ప్రమాణము. అనగా 200 మిల్లీమీటర్ల పలకకు 1.5 మిల్లీమీటర్లు. అది మించినచో, భాగములను అతికించు కొలిమిలో సుమారు 245 డిగ్రీల వేడిమి తగిలినప్పుడు పలక ఇంకను మెలితిరిగి, టంకపు అతుకులు కొన్ని అంటీ అంటకుండ నిలిచిపోవును. అట్టి అతుకు పరీక్షలో నెగ్గి, కొన్నవాని యింట విడిపోవచ్చును.

దీనికి మందు సుళువు. ఆరు పొరల పలకలో రెండవ పొర నిండు రాగి యైనచో అయిదవదియు నిండుగ నుండవలెను. మధ్యరేఖకు ఇరువైపుల తూకము సరిపోవలెను. ఖాళీలుంచిన రాగి మిగులునని తలచుట వట్టి భ్రమ. రేకు మొదట పలకనిండ నున్నదే కదా! ఖాళీ చేయుటకే ద్రావకము ఖర్చగును. పైగా లోపొరలో పెద్ద ఖాళీ యున్నచోట దానిని నింపుటకు జిగురు చాలక, పలక అచ్చట పలుచనగును.

రంధ్రములలో రాగిపూత పోయునప్పుడు మరియొక తంటా కలదు. అచ్చట 20, 25 మైక్రానుల పూత కావలయును. పూత మందము కరెంటు పంపకమును బట్టి యుండును. విశాలమైన ఖాళీలో ఒంటరిగ నున్న సన్నగీతపై కరెంటు పోటెత్తి రాగి మందముగ పేరుకొనును. గీతలు దట్టముగ నున్నచోట రంధ్రములకు అరకొరగ దక్కును. అందుచే ఖాళీలలో ఏ పనియు లేని రాగిచుక్కలను చల్లుదురు. ఇవి ఒంటరి గీతల వాటాను కొంత కాజేయును. కర్మాగారములలో దీనిని 'థీవింగు', అనగా దొంగతనము, అందురు. వకీళ్ళమగు మాకు తెలిసినంతలో ఏ సెక్షను క్రిందికిని రాని దొంగతన మిదియొక్కటే.

ఇట్లని కనబడిన ఖాళీనెల్ల నింపుట మరియొక మూఢత్వము. వేగముగ సంకేతములు పరుగెత్తు గీత ప్రక్కకు ఈ రాగి జరిగినచో, 50 ఓములకు కుదిర్చిన గీత అవరోధము మారిపోవును. భూమితో కలుపక వదలిన పెద్ద రాగితునుక ఒక గీతలోని సంకేతమును ఇంకొక గీతకు చేరవేయును. ఏంటెనా ప్రక్కన రాగి నింపినచో దాని పని చెడును. తూకమునకై భూతలపు పొరను జల్లెడవలె చిల్లులు పొడిచినచో, గీత క్రిందుగనే తిరిగివచ్చు కరెంటునకు దారి తెగును. కర్మాగారము కోరునది యొకటి, విద్యుత్తు కోరునది యొకటి. ఈ రెంటిని ఎరిగి తీర్పు చెప్పగలవాడు పటము గీచినవాడే.

మన కొరత ఇచ్చటనే యున్నదని మా దృఢవిశ్వాసము. 2024 మార్చిలో చైనా, హాంకాంగులనుండి వచ్చు, ఆరు పొరల దాక గల కొన్ని పలకలపై డంపింగు నిరోధక సుంకము విధింపబడెను. 2025 మార్చి 28న కేంద్రమంత్రివర్గము విడిభాగముల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకము నామోదించెను. బహుళపొరల పలకలును అందు చేరినవి. రెండును కావలసినవే. కాని సుంకము వంగిన పలకను చక్కచేయజాలదు. ఆరితేరిన పరదేశపు కర్మాగారము మన పటములోని లోపమును తానే దిద్ది పంపినచో, ఆ విద్య అచ్చటనే నిలిచిపోవును. మనవాడు పటమును ఉన్నదున్నట్లు చేసి వంకర పలక నిచ్చినచో, నింద స్వదేశీ సరకుపై పడును. గీచినవాని తప్పునకు చేసినవానిని దండించుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు.

ఈ సభలో పాలిటెక్నిక్ ఉపాధ్యాయులు ఉన్నచో వారికి మాదొక విన్నపము. ప్రతి పటముపైనను, ఎచ్చట రాగి నింపవచ్చునో, ఎచ్చట నింపరాదో, నింపిన రాగిని భూమితో కలుపవలెనో లేదో, విద్యార్థిచేత మూడు పంక్తులలో వ్రాయింపుడు. పొరపొరకును రాగి నూటికెంత యున్నదో లెక్క కట్టింపుడు. మరియు వంగిన పలక నొకదానిని తరగతికి తెచ్చి, అద్దపు బల్లపై నుంచి, దాని మూలక్రింద ఎన్ని కాగితములు దూరునో వారిచేతనే లెక్కింపజేయుడు.