ఒళ్ళు చేసిన కుదిరినట్లేనా?



స్కిజోఫ్రీనియా యను చిత్తవ్యాధికి 1952లో పారిస్ నగరమున క్లోర్‌ప్రోమజైన్ అను మందు వాడుకలోనికి వచ్చినది. దాని వెంట వచ్చిన మందుల వలన, పూర్వము గదులలో బంధింపబడవలసిన పెక్కుమంది నేడు తమ యిండ్లలో, పొలములలో మెలగుచున్నారు. ఆ మేలును నేను తక్కువ చేయను. దాని వెంట నుండు చిక్కును మాత్రము విన్నవింతును.

ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల అడవియంచు పల్లెలలో చిక్కినవాడు ఒళ్ళు చేసిన సంతోషింతుము. కాని ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు ఆకలిని పెంచును. మగతచే తిరుగుట తగ్గును. నడుమున కొవ్వు చేరును. రక్తమున చక్కెర పెరుగును. కొందరికి ఒళ్ళు రాకయే మధుమేహము రావచ్చును. తీవ్రమానసికవ్యాధులు గలవారు ఇతరులకంటె 10 మొదలు 20 ఏండ్లు ముందుగా మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అందు పెక్కింటికి గుండెజబ్బు మొదలగు శరీరవ్యాధులే కారణము.

అట్లని మందు మానిపింపరాదు. మానిన వ్యాధి తిరుగబెట్టును. రోగిని తిండిపోతని నిందింపరాదు. ఆ యాకలి మందు తెచ్చినది. చేయవలసినది కొలిచి చూచుట. 2004లో అమెరికా వైద్యసంఘములు చెప్పిన క్రమమిది: మందు మొదలిడునపుడు బరువు, నడుము, రక్తపుపోటు, పరగడుపు చక్కెర, కొవ్వు చూడవలెను. పిదప 4, 8, 12 వారములకు బరువు, ఆపైన మూడు నెలలకొకపరి. చక్కెర, పోటు 12 వారములకును, తరువాత ఏటేటను చూడవలెను. మనవారిలో నడుము పురుషునకు 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటిన జాగ్రత్త వలయును. దానికి దర్జీ టేపు చాలును. ఖమ్మము మార్కెట్టున మిరపబస్తాను కిలో తప్పకుండ తూకము వేయించుకొను మనము ఇంటి మనిషిని తూచలేమా?

విపరీతమగు దాహము, మాటిమాటికి మూత్రము కనబడిన, కొత్తగూడెపు ఎండయని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వైద్యుడు మందు మార్చవచ్చును, మెట్‌ఫార్మిన్ జోడింపవచ్చును. అన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు పెంచుట, తీపి పానీయములు మానుట, దినము నడచుట ఇంటివారి పని. దూరపు పల్లెవారు 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా మాటాడవచ్చును.

మీ యూర నిట్టి మందు వాడువారున్నచో, ఈ నెలలోనే వారి బరువు, నడుము కొలిపించి, ఒక కాగితముపై వ్రాయించి, వైద్యునికి చూపింపుడు. మనసును కాపాడిన మందు దేహమును చెరుపకుండ చూచుట మన చేతిలో నున్నది.