పేరు మూసి విలువ కట్టడం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ద్రాక్షసారా గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కంగారుపడ్డారు. దాని రుచి నేనెరుగను. దానికి విలువ కట్టే పద్ధతి గురించే నా నాలుగు మాటలూ.

షార్డనే ఒక తెల్లద్రాక్ష. పుట్టిల్లు ఫ్రాన్సులోని బర్గండీ. దీనికి సొంత వాసన తక్కువ కనుక పండిన నేల, చేసిన విధానం రుచిలో తెలిసిపోతాయి. చల్లని షాబ్లీ ప్రాంతంలో పండితే పులుపు ముందుంటుంది. ఎండ బాగా తగిలితే పండు రుచి హెచ్చుతుంది. కొత్త ఓక్ పీపాల్లో ఉంచితే వెనిలా వాసన వస్తుంది. పరీక్షకులు ముందు రంగు, తర్వాత వాసన చూస్తారు. ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. మింగుతూ పోతే పదో గ్లాసుకు తీర్పు తడబడుతుంది గదా! పులుపూ, పండు రుచీ, పీపా వాసనా సమంగా కుదిరాయా, రుచి ఎంతసేపు నిలిచింది అని చూసి మార్కులు వేస్తారు.

1976 మే 24న పారిస్‌లో వైన్ దుకాణం నడిపే స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు ఒక పరీక్ష పెట్టాడు. తెల్లవాటిలో కాలిఫోర్నియావి 6, బర్గండీవి 4. అన్నీ షార్డనేలే. తీర్పరులు 9 మంది ఫ్రెంచి నిపుణులు. ఒక్కోదానికి 20 మార్కులు. ఏ గ్లాసులో ఏది ఉందో చెప్పలేదు. మొదటి స్థానం నాపా లోయలోని షాతో మాంటెలీనా వారి 1973 షార్డనేకు వచ్చింది. మూడు, నాలుగు స్థానాలూ కాలిఫోర్నియాకే. ఫలితం విన్నాక ఒక నిపుణురాలు తన మార్కుల కాగితం తిరిగి ఇమ్మన్నారట. సీసా మీది పేరు కనబడి ఉంటే ఆ మార్కులు పడేవా?

మనకిది కొత్త కాదు. సీల్డు టెండర్లు తెరిచినవాళ్లం, జవాబు పత్రాలకు కోడ్ నంబర్లు వేసినవాళ్లం. మరి సంఘం మన మనవలకు పెట్టే వ్యాసరచన పోటీలో పేర్లు ఎందుకు కనబడాలి? అధికారిగారి మనవడి పేరు చూస్తే చెయ్యి ఒక మార్కు ఎక్కువే వేస్తుంది. అటెండరు మనవరాలి దగ్గర వెనకాడుతుంది. ముప్ఫయ్యేళ్ల అలవాటు అది.

ఈ ఏడు పేర్లు కవరులో పెట్టి సీలు వేసి కోశాధికారిగారి దగ్గర ఉంచుదాం. మార్కులు వేశాకే తెరుద్దాం. మా మనవరాలూ పోటీలో ఉంది. బహుమతి రాకపోయినా ఫరవాలేదు. వస్తే మాత్రం, తాతగారిని చూసి ఇచ్చారని ఎవరూ అనకూడదు.

శలవు.