గంటకు పదిహేను డాలర్లు: సియాటిల్ లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీర్ని, ఆర్థిక శాస్త్రం చదువుకున్నవాణ్ని కాను. అయితే సియాటిల్ పరిసరాల్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కనుక, ఊరికి వచ్చినప్పుడల్లా మన మిత్రుల్లో హోటళ్లు, వర్క్‌షాపులు నడిపేవాళ్లు ఒకటే అడుగుతారు. "మీ ఊళ్లో కూలి అంత పెంచారు కదా, పనులు పోయాయా, లేదా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఈ పావుగంట అడిగి తీసుకున్నాను.

అమెరికాలో దేశమంతటికీ వర్తించే కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది కదల్లేదు. రాష్ట్రాలు, నగరాలు అంతకన్నా ఎక్కువ పెట్టుకోవచ్చు. సియాటిల్ విమానాశ్రయం సీటాక్ అనే చిన్న ఊళ్లో ఉంది. అక్కడి హోటళ్లలో, రవాణా పనుల్లో ఉన్నవాళ్లకు 15 డాలర్లు ఇవ్వాలా వద్దా అని 2013 నవంబరులో ఓటింగ్ పెడితే, 77 ఓట్ల తేడాతో గట్టెక్కింది. మరుసటి జూన్‌లో సియాటిల్ నగర మండలి ఊరంతటికీ 15 అని తీర్మానించింది. 2015 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చేనాటికి రాష్ట్ర రేటు 9.47 డాలర్లు.

ఒక్కసారే పెంచలేదు, మెట్లు కట్టారు. 500 మందికి మించి పనివాళ్లున్న సంస్థలకు ముందు 11, 2016లో 13, 2017లో 15. ఆరోగ్య బీమా ఇచ్చేవాళ్లకు కొంత వెసులుబాటు. చిన్న వ్యాపారులకు 2021 దాకా గడువు. ఇక్కడో మెలిక ఉంది. పెద్ద కంపెనీ బోర్డు పెట్టుకుని ఫ్రాంచైజీ నడిపే ఆసామికి పది మందే పనివాళ్లున్నా, ఆయన్ని పెద్ద సంస్థ కిందే జమ కట్టారు. వాళ్లు కోర్టుకెళ్లారు, నెగ్గలేదు.

ధరల సంగతి చూద్దాం. హోటల్ ఖర్చులో జీతాలు సుమారు మూడో వంతు అనుకోండి. 9.47 నుంచి 15కి వెళ్లడమంటే 58 శాతం పెంపు. పనివాళ్లందరూ కనీస వేతనం మీదే ఉన్నా, భారమంతా కొనేవాడి మీద వేసినా, బిల్లు పెరగాల్సింది 20 శాతం లోపే. నాది చేతి లెక్కే గానీ, ఐవర్స్ అనే పాత చేపల హోటల్ వాళ్లు చేసింది చూడండి. మెట్ల కోసం ఆగకుండా 2015లోనే 15 ఇచ్చేసి, ధరలు 21 శాతం పెంచి, టిప్పులు ఎత్తేశారు. టిప్పు ఎలాగూ ఇచ్చే ఊరు కాబట్టి తినేవాడి జేబుకి పెద్ద తేడా పడలేదు. అన్ని హోటళ్లకూ ఆ వీలుండదు. టిప్పు అలవాటు లేని మన ఊళ్లో అసలే ఉండదు.

పనుల సంగతి దగ్గరే పేచీ వచ్చింది. 2017 జూన్‌లో వారం తేడాలో రెండు నివేదికలు వచ్చాయి. హోటల్ రంగాన్ని చూసిన బర్క్‌లీ వాళ్లు జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు తగ్గలేదు అన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 13 డాలర్ల మెట్టుతో గంట కూలి 3 శాతం పెరిగింది, పని గంటలు మాత్రం 9 శాతం తగ్గాయి, సగటున నెలకు 125 డాలర్ల నష్టం అన్నారు. అదే పరిశోధనను తర్వాత సరిచూసి ప్రచురించినప్పుడు గంటల కోత 6, 7 శాతానికి, నష్టం 74 డాలర్లకు దిగింది. పేపర్లు మాత్రం మొదటి అంకెనే పట్టుకున్నాయి.

ఇంజనీర్‌గా నాకు తోచేది, మీటరు ఎక్కడ బిగించారన్నది ముందు చూడాలని. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రతి యజమానీ జీతంతో పాటు పని గంటలు కూడా ప్రభుత్వానికి చెప్పాలి. అమెరికాలో కొద్ది రాష్ట్రాలకే ఈ నియమం ఉంది. కాబట్టి వాళ్ల మీటరు మంచిదే. కానీ చాలా చోట్ల శాఖలున్న సంస్థల్లో ఏ మనిషి ఏ ఊళ్లో పనిచేశాడో ఆ లెక్కల్లో తెలియదు కనుక వాటిని పక్కన పెట్టారు. సుమారు 40 శాతం పనివాళ్లు అలా బయటే ఉండిపోయారు. పైగా అప్పుడు ఊళ్లో అమెజాన్ విపరీతంగా పెరుగుతోంది. గంటకు 19 డాలర్ల లోపు పనులనే వాళ్లు లెక్కేశారు. మంచి రోజులొచ్చి 18 డాలర్ల మనిషి 20కి ఎక్కితే, ఆ గంటలు పోయినట్టే కనబడతాయి. అందుకని ఆ నివేదిక తప్పని నేననను. అంకె పక్కన ఈ సంగతీ రాసుకోవాలంటాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2018లో అదే బృందం తెచ్చిన రెండో నివేదిక. ఈసారి పనులను కాకుండా మనుషులను వెంబడించారు. అప్పటికే పనిలో ఉన్నవాళ్లకు వారానికి పది డాలర్ల దాకా లాభం. అందులోనూ అనుభవం ఉన్నవాళ్లకే ఎక్కువ. కొందరు తగ్గిన గంటలను నగరం బయట పని చేసి పూడ్చుకున్నారు. అనుభవం తక్కువున్నవాళ్లకు గంట రేటు పెరిగింది, గంటలు తగ్గాయి, చేతికొచ్చే డబ్బు దాదాపు అంతే. తొలిసారి పనిలో చేరే కొత్తవాళ్ల సంఖ్య తగ్గింది. అంటే లోపలున్నవాడు బాగుపడ్డాడు, గుమ్మం దగ్గరున్నవాడు ఇంకాస్త నిలబడాల్సి వచ్చింది. సగటు చూస్తే ఈ ఇద్దరిలో ఎవరూ కనబడరు.

ఊరు కూలిపోతుందన్నవాళ్ల మాట మాత్రం నిజం కాలేదు. 2025లో సియాటిల్ కనీస వేతనం 20.76 డాలర్లు. ధరల సూచీని బట్టి ఏటా పెరుగుతోంది. చిన్నా పెద్దా తేడా కూడా ఆ ఏడాదితో పోయింది. పెంచడం సరైనదేననే నా అభిప్రాయం. మెట్లు కట్టకుండా పెంచి ఉంటే అలా అనేవాణ్ని కాను.

మన దగ్గర 1948లోనే కనీస వేతనాల చట్టం వచ్చింది. ధరల సూచీతో ముడిపడ్డ కరువు భత్యం కూడా ఉంది. చాలా చోట్ల సరిగ్గా రాయనిది గంటల పుస్తకం. అక్కడ రేటు పెరిగితే యజమాని గంటలు కోస్తాడు, ఆ కోత కాగితం మీద కనబడుతుంది. ఇక్కడ నెల జీతం మనిషికి రేటు పెరిగితే, ఇద్దరి పని ఒకరికి అప్పజెప్పడం తేలిక. ఎనిమిది గంటలు పదకొండయినా చాలా చోట్ల ఏ పుస్తకంలోకీ ఎక్కదు. హోటల్ నడిపే నా బెంచీమేటు ఇది విని "అంత లెక్క ఎవడు రాస్తాడ్రా" అన్నాడు. గల్లా పెట్టె దగ్గర ఇడ్లీల లెక్క రాసేవాడే రాస్తాడని చెప్పాను.

ఈ సంగతి మన సంఘానికీ తగులుతుంది. స్వర్ణోత్సవ నిధి నుంచి బడి శుభ్రం చేసే పని, కాపలా పని కాంట్రాక్టుకి ఇవ్వాలని ప్రతిపాదన ఉంది. తక్కువ రేటు రాసినవాడికి ఇచ్చే ముందు, మనిషికి రోజుకు ఎన్ని గంటలో, గంటకు ఎంతో, సెలవు రోజు ఎవరు వస్తారో టెండరులో రాయించమని కోరుతున్నాను. సంతకాల పుస్తకం హెడ్మాస్టరుగారి గదిలో ఉండాలి, కాంట్రాక్టరు దగ్గర కాదు. దానివల్ల నిధి మీద పడే అదనపు ఖర్చు ఎంతో లెక్క వేసి కార్యదర్శిగారికి ఇచ్చాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఆ కాగితం మీ ముందుకు వస్తుంది.