సిరిమాను జాతర - చిరుతిండ్లు

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చు మొదటి మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. చింతమానుతో సిద్ధపరచిన దాదాపు 60 అడుగుల సిరిమాను చివర పూజారి కూర్చుండి, మూడులాంతర్ల దగ్గరి గుడినుండి కోటవరకు మూడు పర్యాయములు ఊరేగును. ఆ దృశ్యమును చూచుటకు శ్రీకాకుళము వైపునుండియు, పార్వతీపురము మన్యమునుండియు, ఒడిశా సరిహద్దు గ్రామములనుండియు జనము తండోపతండములుగ వత్తురు. వచ్చినవారు అమ్మవారిని చూడక తిరిగిపోరు; ఏదో ఒకటి కొని తినకయు తిరిగిపోరు. ఆ రెండవ పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట నేటి నా ఉద్దేశము.

ఉత్సవమునకు ముందునాటి సోమవారమును తొలేళ్ళు అందురు. ఆ రాత్రి అమ్మవారి ప్రసాదముగ రైతులకు విత్తనములు పంచుట ఆచారము. అనగా ఇది మొదటినుండియు పంట పండించువారి పండుగ. ఇచ్చటి అంగళ్ళలో దొరకు తిండిలోకూడ ఈ సీమ పంటలే మొదట కనబడవలసియున్నది.

జాతర తిండి యనగానే ముందు జ్ఞప్తికి వచ్చునవి జీళ్ళు. బెల్లమును ముదురుపాకము పట్టి, కొంత ఆరనిచ్చి, గుంజకు తగిలించి బలముకొలది సాగదీయుదురు. సాగదీసి మడచి, మరల సాగదీసినకొలది దానిలో గాలి చేరి, నల్లని పాకము లేత బంగారు వన్నెకు తిరుగును. పిమ్మట ముక్కలుగ కోయుదురు. నువ్వులు చేర్చినచో అది నువ్వుల జీడి. మనుమనికి ఇది పండుగ. పండ్లు కదలుచున్న తాతగారికి మాత్రము పరీక్ష. ఈ తీపికి కావలసిన బెల్లమునకు మనము దూరము పోనక్కరలేదు. పేరెన్నికగన్న అనకాపల్లి బెల్లపు బజారు చేరువలోనే యున్నది.

రెండవది మురీ మిక్చరు. మరమరాలను ఈ ప్రాంతమువారు మురీలందురు. ఒడియావారు ముఢి అందురు. ఆ మాటల చుట్టరికము వినగానే తెలియును. తరిగిన ఉల్లిపాయలు, టమాటా, కొత్తిమీర, వేరుసెనగ గుండ్లు, ఉప్పు, కారము, నిమ్మరసము చేర్చి బండివాడు గిన్నెలో గరిటెతో గలగల కలుపును. తడి తగిలిన మురీలు త్వరలోనే మెత్తబడును గనుక దీనిని ముందుగ కలిపి దాచుటకు వీలులేదు. కొనువాని యెదుట కలుపవలెను, కలిపినవెంటనే తినవలెను. మిరపకాయ బజ్జీలు, పునుగులుకూడ ఇట్టివే. మూకుడునుండి తీసినవెంటనే వాటికి ఉన్న రుచి చల్లారిన పిదప ఉండదు.

మూడవది చోడి. రాగులను ఇచ్చట చోళ్ళందురు. చోడి అంబలి త్రాగి పొలమునకు పోవుట మన పెద్దలకు నిత్యకృత్యము. నూరు గ్రాముల చోళ్ళలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు మించి యుండగా, తెల్లని బియ్యములో పది మిల్లీగ్రాములకు అటునిటుగా మాత్రమే యుండును. విజయనగరములోని వ్యవసాయ పరిశోధనా స్థానము వెలువరించిన చోడి వంగడములలో చంపావతి, వేగావతి యనునవి కలవు. రెండును ఈ సీమ నదుల పేర్లే. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఇంత గౌరవము పొందిన ధాన్యమునకు మన జాతర వీధిలో నూడుల్సుకున్నంత చోటు దొరకకుండుట విచారకరము.

ఇటీవల తోపుడుబండ్ల సరసన ఫుడ్ ట్రక్కులుకూడ నిలుచుచున్నవి. చక్రములపై వంటిల్లు క్రొత్త సంగతి కాదు. 1866లో టెక్సాసునందు ఛార్లెస్ గుడ్‌నైట్ యనునతడు పశువులను తోలుకొనిపోవువారికొరకు బండిలో వంటశాల నమర్చెను. నేటి ట్రక్కులో గ్యాసుపొయ్యి, నీటితొట్టి, దీపములు అమర్చుకొన వీలున్నది. ఆ సదుపాయముతో చోడి దోసెలు, మినపరొట్టె వేడివేడిగ వడ్డించినచో ఎవరు కాదందురు? బండి క్రొత్తదగుటలో దోషము లేదు. దానిలో మన పంట లేకుండుటయే లోపము.

బండి పెద్దదైనను చిన్నదైనను పరీక్ష ఒక్కటే. నిప్పును, నీటిని, చేతిని చూడవలెను. సెగలు గ్రక్కు నూనెలో వేగిన బజ్జీకంటె, ప్రొద్దుటినుండి మూతలేక ఉన్న పచ్చడియు, ఎచ్చటివో తెలియని నీళ్ళును ఎక్కువ ప్రమాదకరములు. మాటిమాటికి కాచిన నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టును. అట్టి నూనెలో చెడు పదార్థములు నూటికి 25 పాళ్ళు మించరాదని ఆహార భద్రతా సంస్థ 2018లో నియమము విధించినది. అచ్చు కాగితములో తిండి చుట్టుటకూడ నిషిద్ధమే, ఏలనన సిరా తిండికి అంటుకొనును. మన మన్యములో గిరిజనులు అడ్డాకులు సేకరించి విస్తళ్ళు కుట్టుచున్నారు. మురీల పొట్లమునకు ఆ యాకు చాలదా? తినువారి ఆరోగ్యము నిలుచును, కుట్టినవారికి కూలి దక్కును.

తుదకు అమ్మువారి సంగతి. వీధి వర్తకుల జీవనోపాధిని కాపాడుటకు 2014లో పార్లమెంటు చట్టము చేసినది. పట్టణ వర్తక సంఘము, వర్తకుల లెక్కింపు, అమ్ముకొను ధ్రువపత్రము అందులోని ఏర్పాట్లు. పెద్ద ట్రక్కునకు కూడలి నిచ్చి, జీళ్ళ ముసలమ్మను సందు చివరకు నెట్టినచో ఆ చట్టము కాగితముపైననే మిగులును. ఆమెకు కావలసినది దయ కాదు. నలుగురు నడచు త్రోవలో నాలుగడుగుల నేల, ఒక దీపము, మంచినీరు. జీడి సాగదీయు చేతులకు గిరాకి లేకపోయినచో, రేపు ఆ పని నేర్చుకొనువారు ఉండరు.

కాబట్టి శ్రోతలు జాతరకు పోయినపుడు క్రొత్త రుచులను తప్పక చవిచూడుడు. అయితే మొదటి రూపాయి ఈ నేల పంటకు, దానిని మీ కన్నులయెదుట శుచిగ వండిన చేతికి చెల్లింపుడు. పిల్లలకు జీడి ముక్క పెట్టుచు అది ఎట్లు తయారైనదో చెప్పుడు. రుచియు ఒక విద్యయే. పెద్దలు నేర్పినగాని పిల్లలకు రాదు.