పాత ఆపరేషను, కొత్త నొప్పి



మన డెంకణికోట, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములలో ఒకప్పుడు కడుపులోని పుండునకు ఆపరేషను చేయించుకొనిన పెద్దలు నేటికిని కలరు. పుండు మానినది, దశాబ్దములు గడచినవి, దానిని అందరును మరచిరి. అయినను ఆ పాత కుట్టు ఎన్నడో యొకనాడు అరుదుగా ఒక ఆపద తేగలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

1881లో వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు జబ్బుపడిన జీర్ణాశయ భాగమును కోసి తీసివేసెను. ఆ యేడే అతని సహాయకుడు వోల్ఫ్లర్ జీర్ణాశయమునకు చిన్నపేగును కలిపి కుట్టి ఆహారమునకు కొత్తదారి కల్పించెను. తిన్న సంగటి పుండున్న చోటును తప్పించుకొని సరాసరి చిన్నపేగులోనికి దిగుననుట ఇందలి యుక్తి. దక్షిణ భారతమున ఈ పుండు బహుళముగా నుండెడిది. 1922, 1924 సంవత్సరముల ఎవరెస్టు యాత్రలలో పాల్గొనిన సోమర్‌వెల్ దొర తిరువాన్కూరు నెయ్యూరులో ఇట్టి చికిత్సలు విస్తారముగా చేసి, తరువాత మన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసెను.

ఇక ఆపద యేమన, కలిపి కుట్టిన చిన్నపేగు వెనుకకు మరలి, చొక్కా చేయి లోపలికి మడతపడినట్లు, జీర్ణాశయములోనికి చొరబడును. 1914లో బోజీ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను. ఇది వేయి మందిలో ఒకరికైనను రానంత అరుదు. కాని ఆపరేషను జరిగిన కొలది దినములకే రావచ్చును, ముప్పది నలుబది యేండ్లకును రావచ్చును. చిక్కుకొన్న పేగునకు రక్తప్రసారము ఆగినచో అది కుళ్లిపోవును.

గుర్తులు మూడు: పైకడుపున హఠాత్తుగా భరింపరాని నొప్పి, వాంతులు, పిదప వాంతిలో రక్తము, కడుపు ఎడమవైపు పైభాగమున చేతికి తగులు గడ్డ. మూడును అందరిలో కనబడవు. ఆపరేషను అయినవారికి మొదటి రెండు కలిగినను ఆలస్యము తగదు. 48 గంటలలోపు శస్త్రచికిత్స జరిగినచో నూటికి తొంబది మంది బ్రతుకుదురనియు, ఆ గడువు దాటినచో సగము మందిని కోల్పోవచ్చుననియు వైద్య గ్రంథములు చెప్పుచున్నవి. కావున ఆముదము పట్టుట, కషాయము పోయుట, కడుపు రుద్దించుట వలదు. నోటికేమియు ఈయక, 108 బండిని పిలిచి, శస్త్రవైద్యుడును, గొట్టముతో కడుపులోనికి చూచు ఎండోస్కోపీ సాధనమును గల ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇందు మరియొక చిక్కు కలదు. ఈ పుండ్లకు ముఖ్యకారణము ఒక సూక్ష్మజీవి యని మార్షల్, వారెన్ అను ఆస్ట్రేలియా వైద్యులు 1980ల ఆరంభమున కనుగొనిరి. అందులకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించినది. నేడు ఆ పుండు మాత్రలతోనే మానుచున్నది. కనుక నేటి యువవైద్యులలో పలువురు ఆ పాత ఆపరేషనును అరుదుగా చూచియుందురు. మనము చెప్పనిదే వారికి తోచకపోవచ్చును.

మన పెద్దలు ఇంట తెలుగు పలుకుదురు. కృష్ణగిరిలో వైద్యుడు తమిళమున, బెంగుళూరులో కన్నడమున అడుగును. నొప్పితో మెలికలు తిరుగు ముసలివారు "కడుపు నొప్పి" అని మాత్రమే అనగలరు. కావున "వయిత్తుల ఆపరేషన్ ఆగిరుక్కు" అనియో, "హొట్టె ఆపరేషన్ ఆగిదె" అనియో మొదటి మాటగా చెప్పవలసిన బాధ్యత వెంటనున్న బిడ్డలది. ఏ యేట, ఏ ఊర, దేనికై ఆపరేషను జరిగెనో ఈ వారమే పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసి, పాత ఆసుపత్రి చీటీ యున్నచో దానితో కలిపి, రేషను కార్డు దాచు చోటనే దాచుడు. క్యాన్సరుకో, స్థూలకాయమునకో ఇటీవల కడుపు ఆపరేషను చేయించుకొనినవారును అట్లే చేయవలెను. వారి పేగులకును ఇట్టి చిక్కులు కలుగవచ్చును.

భయపడుటకు గాక, మేలుకొని యుండుటకే ఈ మాటలు.