‘పాసు’ అను పదము



ఇంగ్లీషు మాటలు తెలుగులో చేరుట నేటి వింత కాదు. రైలు, కోర్టు, టిక్కెట్టు, పెన్సిలు మొదలగునవి తెలుగు ప్రత్యయములు తగిలించుకొని, ఇంటి బిడ్డలవలెనే తిరుగుచున్నవి. అట్టివానిలో ‘పాసు’ అనునది యొకటి. చదువు రానివారును దీనిని పలుకుదురు. మాట చిన్నది, కడుపులో నున్న అర్థములు పెక్కు. వానిని నిఘంటువులో వెదకుటకంటె, హైదరాబాదు తూర్పు కొసనున్న ఎల్.బి.నగరునుండి దిల్‌సుఖ్‌నగరు వరకు ఒక ప్రొద్దు చెవియొగ్గి నడచుట మేలు.

ఎల్.బి.నగరనగా లాల్ బహదూర్ నగరు. ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘముగా నుండి, 2007లో మహానగర పాలక సంస్థలో కలిసినది. విజయవాడ దారియు, నాగార్జునసాగరు దారియు అచ్చటనే నగరమును చేరును. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ ప్రాంతముల పల్లెలనుండి చదువులకై వచ్చు పిల్లలు సంచులతో, పచ్చడి సీసాలతో దిగునది అచ్చటనే. అమీర్‌పేటనుండి ఎల్.బి.నగరు వరకు మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దానిలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషనులు దాటినచో దిల్‌సుఖ్‌నగరు. అచ్చటి సందులనిండ శిక్షణాలయములు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణములు.

ఈ దారిలో మొదట వినబడునది బస్సు పాసు. ఇచ్చట పాసనగా అనుమతి పత్రము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ స్త్రీలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనందున, ఆ బస్సులలో ఆడపిల్లలకు దీనితో పని లేకపోయినది. ‘జీరో టిక్కెట్టు’ అను క్రొత్త మాట పుట్టినది. మగపిల్లలు మాత్రము ఇప్పటికిని పాసు జేబులో నుంచుకొందురు. హాస్టలు గడప దాటుటకు ఔట్‌పాసు, కార్యాలయము లోపలికి పోవుటకు గేట్‌పాసు: ఇవియు ఆ కుటుంబములోనివే.

బస్సు కొరకు నిలిచినవారు పల్లీలు కొనుక్కొని ‘టైంపాసు’ అందురు. ఇచ్చట పాసు కాలము గడుపుట. గుత్తేదారునకు బిల్లు పాసైనదన్న డబ్బు చేతికందుట. శాసనసభలో బిల్లు పాసైనదన్న సభ ఆమోదించుట. బంతియాటలో పాసనగా తోటివానికందించుట. ఫోను తెరచుటకు పాస్‌వర్డు కావలెను. ఇది వెనుకటి కాలమున కోట కావలివాడు అడిగెడి సంకేతపదమే. పసిపిల్లవాడు తల్లి కొంగు లాగి ‘పాసొస్తుందమ్మా’ అనినచో, అది లఘుశంక. వైద్యుల ఇంగ్లీషు వాక్యము తెగిపోయి, సగము మాత్రమే మన యిండ్లలో మిగిలినది!

దిల్‌సుఖ్‌నగరులో మరియొక చిక్కు కలదు. అచ్చటి గాలిలో దక్కనీ మాటయు కలసియుండును. ఆ భాషలో ‘పాస్’ అనగా దగ్గర. సంస్కృతములోని ‘పార్శ్వము’ అరిగి అట్లయినది. ఇంగ్లీషు పాసుతో దీనికి చుట్టరికము లేదు. ‘తేరే పాస్ పాస్ హై క్యా?’ అని కండక్టరు అడిగినచో, పల్లెనుండి ఆనాడే దిగినవాడు ఒక పాసునకు రెండు పాసులేలనని తెల్లబోవును. మొదటిది ‘దగ్గర’, రెండవది ‘అనుమతి పత్రము’. ఒకే వాక్యములో రెండు ఖండములు భుజము భుజము రాచుకొనుచున్నవి.

ఇంగ్లీషు పాసునకు మూలము లాటిను భాషలోని ‘పస్సుస్’. దాని యర్థము అడుగు. అది ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. అడుగు వేసి దాటుట అను భావమొక్కటే పైయర్థములన్నిటికిని వేరు. గడప దాటుటకు గేట్‌పాసు, దేశము దాటుటకు పాస్‌పోర్టు, కొండల నడుమ దాటుటకు వీలైన చోటు పాసు. దానినే తెలుగువారు కనుమ అందురు.

అయినను, దిల్‌సుఖ్‌నగరులో పాసను మాటకు గుండె దడ పుట్టించు అర్థము పరీక్ష పాసగుట. దీనికి తోబుట్టువు పల్లెలో పెట్టె యడుగున నుండును. అది పట్టాదారు పాసుపుస్తకము. తెలంగాణలో 2020లో వచ్చి, 2025లో భూభారతి చట్టమునకు చోటిచ్చిన భూమిహక్కుల చట్టము పేరులోనే ఆ మాట కలదు. బ్యాంకులో దానిని చూపి తండ్రి అప్పు తెచ్చును. ఆ డబ్బు శిక్షణాలయపు ఫీజగును, హాస్టలు అద్దెయగును. తండ్రి పాసుపుస్తకము కొడుకు పాసుమీద ఆధారపడియుండును. నూటికి ముప్పదియైదు మార్కులను గీత దాటుటయే కొడుకునకు పాసు; ఆ గీత వెనుక ఎకరము పొలము నిలిచియున్నదని వానికి తెలియును. కావుననే ఆ చిన్నమాట అంత బరువైనది.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. అనంతరము తప్పినవారి జవాబు పత్రములను మరల పరిశీలింపగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. కాగితముమీది ‘ఫెయిలు’ అను మాట సత్యము కానేరదని, సత్యమైనను అది తుదితీర్పు కాదని, ఇంతకంటె దుఃఖకరముగా చెప్పు నిదర్శనము వేరొకటి లేదు.

పాసునకు తెలుగువారు వాడు ‘ఉత్తీర్ణత’ అను సంస్కృత పదమునకును దాటుటయే అర్థము. ఏరు దాటి ఆవలి యొడ్డు చేరినవాడు ఉత్తీర్ణుడు. పల్లెజనము ఇంతకంటె చక్కగా ‘గట్టెక్కినాడు’ అందురు. ఇంగ్లీషువాని అడుగు, సంస్కృతపు ఏరు, తెలుగు గట్టు - మూడును ఒక్క చిత్రమే. గట్టెక్కనివాడెవడు? ఇంకను నీటిలో నున్నవాడు. నీటిలో నున్నవానికి గట్టుమీదివారు చేయి అందింతురు గాని, వానినిజూచి నవ్వుదురా? ఆటలో పాసనగా తోటివానికందించుట యని పైన చెప్పుకొంటిమి. పెద్దలు నేర్వవలసిన పాసు అదియే.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రామ గ్రంథాలయమున ఈ మాట చెప్పుకొనుట తగియున్నది. గ్రంథాలయపు గడప దాటుటకు పాసు అక్కరలేదు. పదవ తరగతి తప్పినవానికి పుస్తకమీయరాదను నియమము ఏ గ్రంథాలయములోను లేదు. పరీక్ష గది పిల్లవానిని మూడు గంటలలో తూచును. పుస్తకాల గది జీవితకాలము వేచియుండును. ఫలితములు వచ్చిన సాయంకాలము ఈ గది తలుపు ఇంకొక గడియ తెరచియుంచిన మేలు. ఆనాడు దిల్‌సుఖ్‌నగరునుండి బస్సెక్కి వచ్చి గుమ్మములో నిలిచిన పిల్లవానిని ‘పాసైనావా?’ అని అడుగుటకు ముందు, ‘అన్నం తింటివా, బిడ్డా?’ అని అడిగిన చాలును. సగము ఏరు అప్పుడే దాటినట్లు.