పాతరగడ్డికి ఏం కలపాలి?

గండి పక్కన పాపాఘ్ని నది వెంబడి వానలు పడితే జొన్న, నేపియర్ మేత ఒక్కసారిగా చేతికొస్తుంది. ఎండాకాలానికి పశువు ముందు ఎండుచొప్పే మిగులుతుంది. అందుకే మిగులు పచ్చిమేతను గాలి చొరకుండా పాతర వేయమంటున్నాం.

పాతరలో మేతను కాపాడేది లాక్టిక్ ఆమ్లం. మేతలోని చక్కెర నుంచి సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. గింజ పాలుపోసుకున్న జొన్నలో చక్కెర సరిపడా ఉంటుంది, బెల్లానికి డబ్బు పెట్టొద్దు. నేపియర్‌లో, అలసందలో చక్కెర చాలదు. టన్ను మేతకు 20 కిలోల బెల్లంమడ్డి నీళ్లలో కలిపి, ముక్కలు పరిచిన ప్రతి వరుస మీదా చల్లి గట్టిగా తొక్కించండి. ఉప్పు 5 కిలోలు చాలు.

యూరియా విషయంలో మాత్రం చెయ్యి జారనివ్వొద్దు. అది జొన్న, మొక్కజొన్న మేతకే, అదీ టన్నుకు 5 కిలోలు మించకూడదు. ఆరు నెలల లోపు దూడలకు ఆ మేత పెట్టనే పెట్టొద్దు.

ముక్కల్ని పిడికిట పట్టి పిండి చూడండి. నీళ్లు కారితే ఇంకో పూట ఆరనివ్వాలి. తడి ఎక్కువైతే ఏం కలిపినా మేత కుళ్లుతుంది. 45 రోజులకు పాతర తెరిస్తే కమ్మటి పులుపు వాసన రావాలి. బూజు పట్టిన భాగాన్ని మొహమాటం లేకుండా తీసి పారేయండి. సందేహముంటే మీ ఊరి పశువైద్యుణ్ణి అడగండి.